కాపీలో లేని రైలు

"ఇస్త్రీ చేస్తోంది," అంది ఆమె, అన్నయ్య చెవి దగ్గరకు వంగి. "ఊఁ," అన్నాడు అన్నయ్య. "తెల్ల చొక్కా. కాలరు అయింది, ఇప్పుడు కుడి చెయ్యి." "ఊఁ." తెర మీది మనిషి సినిమా మొదలైన దగ్గర్నుంచీ ఇస్త్రీ చేస్తూనే ఉంది, మాటా పలుకూ లేదు, పక్క కుర్చీలో బట్టల గుట్ట తరుగుతున్నట్టే లేదు, ఇలాంటి సినిమాని ఏరి కోరి ఆఖరి రోజుకి పెట్టినవాళ్ళని అనాలి గానీ, ఇవాళ ఆమెకు ఆ గుట్ట తరగకపోవడమే కావాలి. గుట్ట తరిగితే సినిమా అయిపోతుంది. సినిమా అయిపోతే దీపాలు వెలుగుతాయి, సినిమా సంఘం నడిపే పళ్ళ డాక్టరమ్మ మైకు పుచ్చుకుని ముందుకొస్తుంది, అన్నయ్య లేచి నిలబడి బుధవారం నాటి సినిమా గురించి మాట్లాడతాడు. పొద్దున్న గడ్డం గీసుకుంటూ చెప్పాడు, "నేను బుధవారం సినిమా గురించే మాట్లాడతానే" అని. ఆ సినిమాని ఈ హాల్లో అరవై మంది కళ్ళారా చూశారు. అన్నయ్య చెవులారా చూశాడు, ఆమె చెప్పగా. ఆమె చెప్పినదాంట్లో సగం తెర మీద లేదు.

అరవై మందిలో ఒక్కడైనా నవ్వకుండా ఉంటాడా. నవ్వితే నవ్వారు, పోనీ. ఎవరో ఒకరు లేచి, అయ్యా మాస్టారూ, అందులో రైలెక్కడుందండీ, ఆ ఇల్లాలు ఆస్పత్రి మంచం మీదే పోయింది కదండీ అంటే, అప్పుడు అన్నయ్య మొహం ఎటు తిప్పుకోవాలి. ఆ ప్రశ్నతో ఆగినా అదృష్టమే. అన్నయ్య ఆగడు, దారప్పోగు దొరికితే బట్టంతా విప్పే రకం. సినిమాలో చావుని చెల్లెలు దాచింది, ఎందుకు దాచింది, ఇంకెక్కడ దాచింది, అని లాక్కుంటూ లాక్కుంటూ పదకొండు నెలల కిందటి ఆ పొద్దుటి దగ్గరికి వచ్చి నిలబడతాడు. వదిన పోయిన పొద్దుటి దగ్గరికి. అక్కడ నిలబడి అడిగితే ఆమె ఏం చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసలు ఆ రోజు జరిగిందేమిటో, తను చెప్పిందేమిటో, బుధవారం తెర మీద చూసిందేమిటో మూడూ కలిసిపోయి, ఏది ఏ పాత్రలో పోసిందో ఆమెకే అంతుపట్టడం లేదు.

"ఇప్పుడు?" అన్నాడు అన్నయ్య. అయ్యో, చెప్పడం ఆపేసింది కాబోలు. "ఎడమ చెయ్యి," అంది గబగబా, తీరా తెర మీద చూస్తే చొక్కా పోయి దుప్పటి వచ్చింది. వెనక వరసలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు. ఆయనే, ష్ మామయ్య. సోమవారం నాడు ఆమె గుసగుస మొదలుపెట్టగానే "ష్" అన్నాడు, రెండో మాటకీ "ష్" అన్నాడు, ఆమె వెనక్కి తిరిగి చూసి, మా అన్నయ్యకు చూపు లేదండీ అంటే, ఒకసారి తలాడించి మళ్ళీ "ష్" అనే అన్నాడు. మంగళవారం కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడట, బొమ్మ కనబడుతుందిట గానీ కింద పడే అక్షరాలు అలికేసినట్టున్నాయిట. ఆ రోజు తన కుర్చీని చప్పుడు కాకుండా ముందుకు జరుపుకుంటూ జరుపుకుంటూ ఆమె భుజం దాకా తెచ్చి, "కొంచెం గట్టిగా చెబుదురూ" అన్నాడు. అప్పటినుంచీ కళ్ళజోడు సంగతి ఎత్తడం మానేసి రోజూ అక్కడే కూర్చుంటున్నాడు. అంటే బుధవారం కూడా అక్కడే ఉన్నాడు. ఆయన కళ్ళు తెర మీద, చెవి ఆమె నోటి దగ్గర. తెర మీద ఆ ఇల్లాలు చచ్చిపోతుంటే చూస్తూ, రైలెక్కిందని విన్నాడు. ఒక్క మాట అనలేదు. గురువారం వచ్చి ఆమె చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టాడు. అది జాలో, వెక్కిరింతో, నేనూ విన్నానులే అని చెప్పడమో, ఆ బిళ్ళ ఇంకా ఆమె సంచిలో చప్పరించకుండా అలాగే ఉంది.

ఈ హాలు ఒకప్పుడు ఫర్నిచరు గోడౌను. సినిమా సంఘం వాళ్ళు ఓ గోడకి తెర కట్టి, కుర్చీలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి అన్నారు, అందుకే ఇక్కడ ఏ రెండు కుర్చీలకూ పొత్తు కుదరదు, భోజనాల బల్ల కుర్చీ పక్కన క్షవరాల షాపు తిరుగుడు కుర్చీ, దాని పక్కన చిన్నపిల్లల బడి బెంచీ. అన్నయ్యది అచ్చాఫీసు కుర్చీ. అచ్చాఫీసు మూసేసిన రోజున ఆయన అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. ఏడాదికి ఒక వారం, మధ్యాహ్నం మూడింటికి రోజుకో సినిమా, అట్ట కార్డు మీద రోజుకో చిల్లు. ఏడు చిల్లులూ పడినవాళ్ళకి ఆఖరి రోజున తలా రెండు నిమిషాలు, నచ్చిన ఒక్క సినిమా గురించి మాట్లాడవచ్చు. నిరుడు అన్నయ్యకు ఆరే చిల్లులు. వదినకు ఓ రోజు జ్వరం వచ్చింది, దాన్ని మామూలు జ్వరమే అనుకున్నారు. నీటికాసుల జబ్బుతో అన్నయ్య చూపు పూర్తిగా పోయిన మొదటి ఏడాది అది, పక్కన కూర్చుని సినిమా చెప్పింది వదినే. ఆవిడ చెప్పడం ఆవిడదే. వాడో వెధవ, ఆవిడో పిచ్చిది, ఇద్దరూ ఎడ్డెం అంటే తెడ్డెం అనుకుంటున్నారు, ఆఖర్న కలుస్తారు చూడండి, అంతే, ఇంటర్వెల్ లోపల కథ అయిపోయేది. మిగతా సినిమా అంతా ఇద్దరూ ఇంట్లో కూరేం చెయ్యాలో మాట్లాడుకునేవాళ్ళు. ఆమెకు అలా చేతకాదు. ఆమెకు వచ్చినది చదవడం ఒక్కటే.

ముప్పై ఒక్కేళ్ళు చదివింది. అచ్చాఫీసులో అన్నయ్య ప్రూఫులు దిద్దేవాడు, ఆమె ఎదురుగా కూర్చుని రాతప్రతి పైకి చదివేది, ఆ రాతప్రతినే వాళ్ళు కాపీ అంటారు. కాపీలో ఏముందో ఆమె పైకి చదవాలి, అచ్చులో అదే ఉందో లేదో ఆయన పెన్సిలుతో చూసుకోవాలి. లైను కుదిరితే "ఊఁ" అంటాడు. ఊఁ అంటేనే తరవాతి లైను. అనకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు, ఆగాలి. రోజుకి ఎన్ని వేల ఊఁలు వినేదో, ఇంటికి వెళ్ళి అన్నం తింటున్నా ఆ ఊఁ చెవుల్లో ఆడేది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే కూడా ఆయన ఊఁ అనేవాడు. ఓసారి ఏదో బడి పుస్తకంలో నది పొడవు తప్పు రాశాడు రాసినవాడు. ఆమెకు సరైన అంకె తెలుసు, అదే చదివేసింది. అన్నయ్య ఊఁ అనలేదు. పెన్సిలు కింద పెట్టి, "అది కాపీలో ఉందా?" అన్నాడు. "లేదు, కానీ అదే నిజం అన్నయ్యా." "నిజం సంగతి రాసినవాడు చూసుకుంటాడు. మనం ఉన్నది చదువుతాం, ఉండాల్సింది కాదు." కాపీ ఆమె చేతిలో ఉంది, ఆయన కళ్ళు అచ్చు మీద ఉన్నాయి, ఎలా పట్టుకున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే అన్నాడు, "లేనిది చదివేటప్పుడు నువ్వు గుక్క తిప్పుకోవు."

బుధవారం గుక్క తిప్పుకుందా. అదీ తేలడం లేదు. సినిమా మొదట్లో బాగానే చదివింది, ఆస్పత్రి, తెల్ల గోడ, మంచం మీద భార్య, పక్కన భర్త, ఊఁ, ఊఁ, భార్య కళ్ళు మూసుకుంది, ఊఁ, భర్త లేచాడు, కారు అడ్డంగా పెట్టాడట, తీసి వస్తానంటున్నాడు, ఊఁ, మెట్లు దిగుతున్నాడు. అక్కడ భార్య కళ్ళు తెరిచింది. తెరిచి పక్కకు చూసింది, కుర్చీ ఖాళీ, పెదవులు కదిలాయి, కింద అక్షరాలు పడ్డాయి, ఆ అక్షరాలు ఆమె చదవగలిగేవే, పెద్దవే, ఆయన ఎక్కడ అని, అన్నయ్య ఆ ఖాళీలో చెవి ఇటు ఒగ్గి ఎదురుచూస్తున్నాడు, అంతే, నోట్లోంచి ఏం వచ్చిందో, భార్య లేచి కూర్చుంది అన్నయ్యా నవ్వింది మంచం దిగింది చెప్పులు వేసుకుంది తనే మెట్లు దిగి వెళ్ళి కారు దగ్గర భర్త భుజం తట్టింది ఇద్దరూ స్టేషనుకి వెళ్ళారు రైలెక్కారు కిటికీ పక్క సీటు ఆవిడదే బయట పొలాలు వెళ్ళిపోతున్నాయి ఆవిడ వేరుశనక్కాయలు వొలిచి ఆయన చేతిలో పెడుతోంది ఆయన ఏదో అంటే ఆవిడ నీకు చెప్పడం రాదు అని మొట్టికాయ వేసింది, అలా ఇరవై నిమిషాలు, తెర మీద దుప్పటి కప్పుతున్నంతసేపూ, భర్త గుమ్మంలో నిలబడి కారు తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నంతసేపూ, ఆమె రైలుని ఆపకుండా నడిపింది. ఎక్కడ ఆపాలో తెలియలేదు. తెర మీద పేర్లు పడ్డాక, రైలు ఇంకా పోతూనే ఉంది అని ముగించింది.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. రైలు చప్పుడు లేని రైలుని ఎవరైనా అతుకుతారా. అప్పుడు అన్నయ్య ఊఁ అన్నాడా, అదీ తెలియాల్సింది. ఈ నాలుగు రోజులుగా ఆమె అదే వెతుక్కుంటోంది, అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ. అన్నట్టే అనిపిస్తుంది. రైలెక్కారు, ఊఁ. వేరుశనక్కాయలు, ఊఁ. కానీ ముప్పై ఒక్కేళ్ళ ఊఁలు చెవిలో ఉన్నదానికి, అన్న ఊఁకీ అనని ఊఁకీ తేడా ఎలా తెలుస్తుంది, గోడ గడియారం ఆగిపోయినా ఆ చప్పుడు కొన్నాళ్ళు వినిపిస్తూనే ఉంటుందంటారు చూడండి, అదీ సంగతి. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయనేమీ అడగలేదు. బస్సులో, "వేరుశనక్కాయలు మీ వదినకు పడేవి కావు" అన్నాడు. అంతే అన్నాడు. అది సినిమా గురించి అన్నాడా, ఊరికే అన్నాడా.

"లేచింది," అంది ఆమె పైకి. "ఎవరు?" అన్నాడు అన్నయ్య. ఆమె గతుక్కుమని తెర వంక చూసింది. "ఇస్త్రీ ఆవిడ." "ఇంతసేపూ నిలబడే ఉంది కదే." "అవును, నిలబడే ఉంది." ఆయన ఊఁ అనలేదు. వెనక ష్ మామయ్య కుర్చీ కిర్రుమంది. తెర మీద ఆవిడ నీళ్ళు చిలకరిస్తోంది, గుట్టలో ఇక మూడో నాలుగో మిగిలాయి. మంగళవారం ఒక్క పిల్లే ఉన్న బడి, శుక్రవారం అంతా వాన, శనివారం గుర్రం. గుర్రం చచ్చిపోయింది, అది చచ్చిపోయిందనే చెప్పింది, చెప్పేటప్పుడు గొంతు కూడా వణకలేదు. గుర్రం చావు చదవగలిగింది.

వదిన చావు చదవలేకపోయింది. ఆ పొద్దున్న ఆస్పత్రిలో నాలుగు మంచాల గది, కిటికీ పక్క మంచం వదినది, సెలైను సీసాలో ఎండ పడి పక్కగోడ మీద మెరుపు ఆడుతోంది. రెండు రోజులుగా అన్నయ్య ఆ స్టూలు మీదే, వదిన చెయ్యి వదలకుండా. ఆమే అంది, ఇంటికెళ్ళి స్నానం చేసి రా, డాక్టరు ఫరవాలేదన్నాడుగా, ఏమీ కాదు, నేనున్నాగా. తనే చెయ్యి పట్టుకుని మెట్లు దింపి ఆటో ఎక్కించింది, డ్రైవరుకి గుమ్మం దాకా దించమని రెండుసార్లు చెప్పింది. తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది. వదిన కళ్ళు తెరిచింది. ఇక్కడినుంచే గడబిడ. వదిన తెరిచిందా, సినిమాలో ఆవిడ తెరిచిందా. మీ అన్నయ్యేరీ అని వదిన అంది, ఆయన ఎక్కడ అని అక్షరాలు పడ్డాయి. చెయ్యి తడిమింది ఎవరు. సినిమాలో నర్సుంది, నర్సు చెయ్యి తడిమిందా ఆవిడ, లేక అది వదినేనా, తన చెయ్యేనా. గంట తరవాత అన్నయ్య తల తడి కూడా ఆరకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే ఆమె అంది, నిద్రలోనే పోయింది అన్నయ్యా, లేవనే లేదు, నీకోసం వెతుక్కునే బాధ కూడా లేకుండా పోయింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది, నిద్రలోనే, నిద్రలోనే, అదృష్టవంతురాలు. చెప్పగా చెప్పగా ఆ నిద్రకి ఒక మొహం వచ్చింది, కళ్ళు మూసుకున్న వదిన, కొంచెం తెరిచిన నోరు, ఇప్పుడు తలుచుకుంటే ముందు అదే వస్తుంది. బుధవారం ఆ తెర మీది కళ్ళు తెరుచుకునేదాకా ఆమె కూడా దాన్నే నమ్మింది. పాపం చేసిందా, పుణ్యం చేసిందా, ఎవరినడగాలి. ఆయన్ని పంపించింది తనే కదా, ఆ సంగతి మింగలేకే నిద్ర అల్లిందా, ఆయన కోసం అల్లిందా, తన కోసం అల్లుకుందా. తేలు కుట్టిన దొంగలా పదకొండు నెలలు.

ఆఖరి చొక్కా మడత పెట్టి ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "అయిపోయింది," అంది ఆమె. "ఇదొక్కటీ మీ వదిన చెప్పినట్టు చెప్పొచ్చు," అన్నాడు అన్నయ్య. దీపాలు వెలిగాయి.

ఏడు చిల్లులవాళ్ళు తొమ్మిది మంది తేలారు. పళ్ళ డాక్టరమ్మ కార్డులు వెలుతురుకి ఎత్తి చిల్లులు లెక్కపెట్టి, ఎవరు మాట్లాడినా రెండు నిమిషాలే, దాటితే పన్ను పీకేస్తాను అంది, ఏటా అనే మాటే, ఏటా నవ్వుతారు. ఎవరెవరో మాట్లాడారు. ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు. అన్నయ్య ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు, మైకు ఆమే అందించాల్సి వచ్చింది.

"నాకు బుధవారం సినిమా నచ్చింది," అన్నాడు అన్నయ్య. "మొదట్లో ఆస్పత్రి బాగా తీశారు. కానీ నాకు నచ్చింది చివర్లో రైలు. ఆవిడ కిటికీ పక్కన కూర్చోవడం, మొట్టికాయ వెయ్యడం. అలా వేసేవాళ్ళుంటే మనిషి ఎంత దూరమైనా పోతాడు. అంతే, ఇక నాకు చెప్పాల్సిందేమీ లేదు."

అరవై తలలు ఒకదాన్నొకటి చూసుకోవడం ఆమె చూసింది, క్షవరాల షాపు కుర్చీ సగం తిరిగి ఆగింది, డాక్టరమ్మ చేతిలో కార్డులు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకోసాగింది. భూమి చీలినా బాగుండు అనుకుంటూ ఆమె ఒళ్ళో సంచిని నలిపేస్తోంది. వెనకనించి గొంతు సవరించుకున్న చప్పుడు.

"కిటికీ పక్క సీటు, అవునండీ," అన్నాడు ష్ మామయ్య. "బయట పొలాలు కూడాను. చాలా బాగుంది."

ఎవరో చప్పట్లు కొట్టారు, అర్థమైనవాళ్ళో కానివాళ్ళో ఇంకొందరు కొట్టారు, డాక్టరమ్మ హమ్మయ్య అనుకున్నట్టు తరవాతివాళ్ళని పిలిచింది. అన్నయ్య తడుముకుంటూ కూర్చున్నాడు. బతికిపోయాను అనుకుంది ఆమె, వెనక్కి తిరిగి ఆ ముసలాయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది, పిప్పరమెంటు బిళ్ళ ఇప్పుడు చప్పరించవచ్చు అనుకుంది, రేపటినుంచి మళ్ళీ మామూలే.

"వెనకాయన మంచివాడు," అన్నాడు అన్నయ్య, ఆమె రోజూ ఆయనకు చెప్పే గొంతుతోనే, చెవి దగ్గరకు వంగి. "బుధవారం నేను ఊఁ అనలేదే. చూసుకున్నావా?"

బిళ్ళ కోసం సంచిలోకి వెళ్ళిన ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

"రైలు దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు ఆగుతావని చూశాను, ఆగలేదు. గుక్క తిప్పుకోకుండా పోయావు." అటుపక్క ఎవరో గుర్రం గురించి మాట్లాడుతున్నారు. "ఆ రోజు ఆస్పత్రిలో కూడా అలాగే చెప్పావు. నిద్రలోనే పోయింది లేవనే లేదు అని. నేనప్పుడు కూడా అనలేదు."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నయ్యా."

"ఇంట్లో అడిగితే వంటింట్లోకి పోతావు. ఇక్కడ వరస మధ్యలో ఉన్నావు, పోలేవు." ఆయన మొహం తెర వైపే ఉంది, అక్కడ ఇప్పుడు ఏ బొమ్మా లేదు. "రైలు బాగుంది, నాకు నచ్చింది, నలుగురిలోనూ అదే చెప్పాను. ఇప్పుడు కాపీలో ఉన్నది చదువు. మీ వదిన లేచిందా?"

విచిత్రం, ఇన్నాళ్ళూ కలగాపులగమైపోయినది ఆ ఒక్క మాటకి వేరైపోయింది. నర్సు సినిమాలోకి వెళ్ళిపోయింది, కారు తాళాలు సినిమాలోకి వెళ్ళిపోయాయి. సెలైను మెరుపు, గోడ, స్టూలు ఇటు మిగిలాయి. ఆమె గుక్క తిప్పుకుంది.

"లేచింది."

"ఊఁ."

"మీ అన్నయ్యేరీ అంది."

"ఊఁ."

"వస్తున్నాడు వదినా అన్నాను. మళ్ళీ అడిగింది."

ఈసారి ఆలస్యమైంది. "ఊఁ."

"నా చెయ్యి తడిమి చూసింది. వేళ్ళన్నీ తడిమింది. ఇది మీ అన్నయ్య చెయ్యి కాదే, అంది. అన్నాక వదల్లేదు. పట్టుకునే ఉంది."

అన్నయ్య ఊఁ అనలేదు. ఆమె ఆగింది. అనకపోతే ఆగాలి.

"ఏ చెయ్యి?" అన్నాడు.

ఆమె కుడి చెయ్యి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, బొటనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో వేలూ తడిమాడు, ప్రూఫు దిద్దేటప్పుడు ఒక్కో అక్షరం మీదా పెన్సిలు ఆన్చినట్టు, చిటికెనవేలి దాకా.

"ఊఁ," అన్నాడు. "చదువు."